లస్కరు మాణిక్యం ఇచ్చిన గేటు

రెల్లుపాలెం జోజప్పగారి గుడిలో పేరు లేని వస్తువు దొరకదు. ఫ్యాన్ల రెక్కల మీద పేర్లు, ప్లాస్టిక్ కుర్చీల వీపుల మీద పేర్లు, గోడ గడియారం మీద పేరు, మైకు డబ్బా మీద పేరు. చెప్పులు విడిచేచోట పరిచిన పట్టా అంచున కూడా ఎవరో ఒక దాత ఉన్నాడు. ఫ్యాన్లు తిరుగుతున్నంతసేపూ దాతలు కనిపించరు. కరెంటు పోయిందంటే మాత్రం ఒక్కొక్కరే నెమ్మదిగా ఆగి, పైనుంచి మన మొహంలోకి చూస్తారు.

శౌరమ్మ ముప్పయ్యేళ్ళకు పైగా కూర్చునే చోటు అలాంటి ఒక ఫ్యాను కింద. దాని మీద ఉన్నది కిరాణా కొట్టువాళ్ళ తాతగారి పేరు.

"పూజలో భక్తిగా పైకి చూశాననుకోండి, దేవుడికన్నా ముందు ఆయనే కనిపిస్తాడు. బతికుండగా పావుకిలో పప్పు కూడా నిఖార్సుగా తూచలేదు ఆ మహానుభావుడు" అంది నాతో ఒకసారి.

శౌరమ్మ భర్త మాణిక్యం. బందరు రోడ్డు వదిలి కాలువగట్టు పట్టుకుని వెళితే వచ్చే లాకుల మీద లస్కరుగా పనిచేశాడు. నాకు ఆయన మొదట పరిచయమైంది అక్కడే. బస్సు తప్పిపోయి గట్టు మీద కూర్చుంటే, ఒకాయన షట్టరు మర తిప్పుతూ పెదాలు కదుపుతున్నాడు. జపమాల చెబుతున్నాడేమో అనుకుని అయ్యేదాకా ఆగి అడిగాను.

"జపం కాదండీ, చుట్లు. నూటనలభై తిప్పితే షట్టరు జానెడు లేస్తది. మధ్యలో పలకరిస్తే మళ్ళీ మొదలు" అన్నాడు. ఆ తర్వాత ఆయన చుట్లు పూర్తయ్యేదాకా ఆగడం నాకు అలవాటైంది. ఆగినందుకు ఎప్పుడూ నష్టపోలేదు.

లస్కరంటే కుర్చీలో కూర్చునే ఉద్యోగం కాదు. పైనుంచి ఫోను రాగానే షట్టరు ఎత్తాలి, మళ్ళీ ఫోను రాగానే దించాలి. మధ్యలో మరలకు గ్రీజు పెట్టాలి, ఇనుముకు తుప్పు గీకాలి, రెడాక్సైడు పూయాలి, వానల్లో గట్టు కాయాలి. మాణిక్యం పదకొండేళ్ళు రోజుకూలీగా, ఇరవైమూడేళ్ళు పర్మినెంటుగా ఈ పనే చేశాడు. నీళ్ళు వంతులవారీగా వదిలే రోజుల్లో ఎగువ రైతులు ఇంకాసేపు ఎత్తమాకనీ, దిగువ రైతులు ఇంకా ఎత్తలేదేమనీ వచ్చి మీద పడేవాళ్ళు. రెండువైపుల నుంచీ తిట్లు సమానంగా వస్తే ఆ రోజు నీళ్ళు సరిగ్గా పంచినట్టే అని ఆయన కొలత.

ఆయనకు ఒక్కటే శత్రువు, తుప్పు. దాన్ని గురించి మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించేవాడు, అది వింటుందన్నట్టు. "మనం ఆదివారం సెలవు పెడతామండీ, అది పెట్టదు" అనేవాడు. నిజానికి ఆయనా పెట్టలేదు. వంతు మారేది చాలావరకు ఆదివారం పొద్దున. కాబట్టి గుడిలో గంట కొట్టే సమయానికి ఈయన గట్టు మీద చుట్లు లెక్కపెడుతూ ఉండేవాడు. ఇక జోజప్పగారి పండుగ సంగతి మరీ విడ్డూరం. జోజప్పగారు ఏసుస్వామిని పెంచిన తండ్రి, వడ్రంగి, కష్టపడి బతికేవాళ్ళందరికీ ఆయనే అండ. అందుకని మే ఒకటో తారీఖున ఆ గుడికి పండుగ చేస్తారు. సరిగ్గా అప్పుడే కాలువలు కట్టేస్తారు. నీళ్ళు లేనప్పుడే షట్టర్లకు మరమ్మతు. కష్టజీవుల పండుగ నాడు ఊరంతా పని మానేసి బిర్యానీ తింటుంటే, పనిచేస్తున్న ఒకే ఒక్క కష్టజీవి ఎండిన కాలువలో నిలబడి తుప్పు గీకుతుండేవాడు.

"నీ పేరు చెప్పి పండగ చేస్తారు, నువ్వేమో కనపడవు" అనేవారు ఫాదర్‌గారు. తిట్టో మెచ్చుకోలో మాణిక్యానికి ఎప్పుడూ తేలలేదు.

అరుదుగా పూజకు వెళ్ళేవాడు కనుక విన్న ప్రసంగాన్ని వృథా పోనిచ్చేవాడు కాదు. ఒక ఏడు ఈస్టరు ముందు తపస్కాలంలో ఫాదర్‌గారు దానధర్మాల గురించి చెప్పారు. బాకా ఊదించుకుని దానం చేసేవాడు తన జీతం ఇక్కడే తీసేసుకున్నట్టనీ, ఇక పైన అతనికి ఇచ్చేదేమీ ఉండదనీ. మిగిలినవాళ్ళు అది విని, నిట్టూర్చి, బయటికి వచ్చి చెప్పులు వెతుక్కున్నారు. మాణిక్యానికి మాత్రం అందులో జీతం అన్న మాట పట్టుకుంది. పదకొండేళ్ళు పర్మినెంటు కోసం ఎదురుచూసిన మనిషికి ఆ మాట ఊరికే పోదు. గుడిలో పిల్లలకు ప్రార్థనలు నేర్పే ఉపదేశి ఇన్నయ్యను గేటు లేని ప్రహరీ దగ్గర పట్టుకున్నాడు.

"ఇన్నయ్యగారూ, ఇక్కడ పేరు రాయించుకుంటే జీతం ముట్టినట్టేనా?"

"ముట్టినట్టే."

"మొత్తమా, అడ్వాన్సు కిందా?"

ఇన్నయ్య ఇరవయ్యేళ్ళుగా ఉపదేశి. ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. "మొత్తమే అయ్యుండాలి" అన్నాడు.

"ఎరియర్సు కూడా ఉండవా?"

"మాణిక్యం, నువ్వు దేవుడి దగ్గర కూడా యూనియన్ పెట్టేట్టున్నావే!"

యూనియన్ పెట్టలేదు గానీ, ఆ రోజు నుంచి మాణిక్యం తన మంచిపనులు దాచడం మొదలుపెట్టాడు. ఎవరికైనా సాయం చేస్తే, చేసింది తను కాదన్నట్టు మొహం పెట్టేవాడు. ఆ మొహాన్ని బట్టే అందరికీ తెలిసిపోయేది.

మొన్నటేడు ఫిబ్రవరి ఆఖరున రిటైరయ్యాడు. ఆఫీసువాళ్ళు శాలువా కప్పి గోడ గడియారం ఇచ్చారు. దిగువ చేల రైతు వెంకటకృష్ణారావుగారు దండ తెచ్చారు.

"ఇరవయ్యేళ్ళు నిన్ను తిట్టానయ్యా మాణిక్యం, ఏమనుకోమాకు. ఇక తిట్టడానికి ఎవరున్నారు? కొత్తగా వచ్చేవాడు అవుట్‌సోర్సింగ్ అంట, వాట్సాప్‌లో మెసేజ్ వస్తేగానీ మర ముట్టుకోడంట" అన్నారు.

ఆ లాకుల మీద ఒక నల్లరాయి ఉంది. ఏ సంవత్సరంలో ఎవరు ప్రారంభించారో, అప్పటి ఇంజనీరు ఎవరో అందులో చెక్కి ఉంటుంది. శౌరమ్మ దండ చేతిలో పట్టుకుని ఆ రాయి ముందు కాసేపు నిలబడటం నేను చూశాను. ఆమె ఏం చదువుతుందో అప్పుడు నాకు తట్టలేదు.

గుడికి గేటు కావాలన్న మాట చాలాకాలంగా ఉంది. ప్రహరీ కట్టారు గానీ గేటు పెట్టలేదు. ఒకసారి పూజ మధ్యలో దూడ ఒకటి లోపలికి వచ్చి, ఎవరూ ఏమీ అనకపోవడంతో ప్రసంగం అయ్యేదాకా నిలబడి వెళ్ళింది. ఏదైనా చేయాలని మాణిక్యమూ శౌరమ్మా విడివిడిగా అనుకుంటున్నారు. ఒక సాయంత్రం ఇద్దరి నోటా ఒకేసారి వచ్చింది, గేటు ఇద్దామని.

మాణిక్యం లెక్క ఇది. గేటంటే తనకు తెలిసిన పని. ఫాదర్‌గారి చెవిలో చెప్పి గుట్టుగా పెట్టించేస్తే, ఇచ్చింది ఎవరో దేవుడికి తప్ప ఎవరికీ తెలియదు. ఒక్క రూపాయి కూడా ఇక్కడ కరగకుండా మొత్తం పైకి చేరుతుంది.

శౌరమ్మ లెక్క వేరు. ఫ్యాను మీద పేరు కరెంటు పోతేగానీ కనపడదు. గేటయితే రోడ్డు మీద ఉంటుంది. బస్సులో వెళ్ళేవాళ్ళు కూడా చదువుతారు.

ఇద్దరూ వెంటనే ఒప్పుకున్నారు. వాళ్ళ కాపురంలో ఏ విషయమూ అంత తేలిగ్గా కుదరలేదు. అప్పుడే అనుమానం రావలసింది.

భవానీపురంలో నిసార్ అహ్మద్‌కు వెల్డింగ్ షాపుంది. ఒకప్పుడు లాకుల షట్టర్లకు అతుకులు వేయడానికి వచ్చి మాణిక్యంతో స్నేహం కలిసిన మనిషి. మాణిక్యం వెళ్ళి కొలతలిచ్చాడు. పైన సిలువ, కింద అడ్డకమ్మీలు, మధ్యలో గడియ.

"పేరేం వేయమంటారు మాణిక్యంగారూ?"

"పేరొద్దు."

నిసార్ వెల్డింగ్ కళ్ళజోడు నుదుటి మీదికి తోశాడు. "ముప్పయ్యేళ్ళ నుంచి గుళ్ళకీ మసీదులకీ చర్చీలకీ గేట్లు చేస్తున్నానండీ. మతం ఏదైనా అక్షరాలు మాత్రం పెద్దగా ఉండాలంటారు. పేరొద్దన్నవాళ్ళలో మీరు రెండోవారు."

"మొదటివారెవరు?"

"ఆయన మీద కేసుందిలెండి."

నాలుగు రోజుల తర్వాత శౌరమ్మ బస్సెక్కి అదే షాపుకు వెళ్ళింది. గేటు సగం అయింది. చుట్టూ తిరిగి చూసింది.

"పేరేదయ్యా?"

"వద్దన్నారుగా అక్కా, బావగారు."

"ఆయనకేం తెలుసు? రేకులో అక్షరాలు కోసి, బస్సులోంచి కూడా కనపడేట్టు పెట్టు. లస్కరు మాణిక్యం, శౌరమ్మ. ఆయనకి చెప్పమాక."

నిసార్ ఇరుకున పడ్డాడు. గేటు ఇద్దరిదీ. వెయ్యనంటే ఈమెకు కోపం, వేస్తే ఆయనకు కోపం. చివరికి తన వృత్తిలోనే దారి వెతుక్కున్నాడు. రెండు ఇనప పట్టీలు తీసుకుని, ఒకదాని మీద లస్కరు మాణిక్యం అనీ, ఇంకోదాని మీద శౌరమ్మ అనీ రేకు అక్షరాలు అతికాడు. ఆ పట్టీలను మాత్రం గేటుకు అతకలేదు, బోల్టులతో బిగించాడు. తర్వాత నేను కలిసినప్పుడు కారణం చెప్పాడు: "మొగుడూ పెళ్ళాల గొడవలో వెల్డింగ్ పెట్టకూడదండీ. బోల్టయితే రేపు మనసు మారినా ఊడదీసుకోవచ్చు."

పండుగకు మూడు రోజుల ముందు ట్రాలీ ఆటోలో గేటు వచ్చింది. దించి నిలబెట్టగానే మాణిక్యానికి పేర్లు కనిపించాయి. ముందు తన కళ్ళను అనుమానించాడు, తర్వాత నిసార్‌ను, ఆ తర్వాత ఇంటివైపు నడిచాడు.

"ఏమే, నా పేరు ఎవత్తె పెట్టమంది?"

"నేనే" అంది శౌరమ్మ, చేటలో బియ్యం చెరుగుతూ.

"అంతా పోయినట్టే కదే! జీతం ఇక్కడే ముట్టిపోయినట్టే కదా!"

"ఏం జీతం?"

ఆయన చెప్పాడు. బాకా గురించి, అడ్వాన్సు గురించి, ఎరియర్సు గురించి. ఆమె మొత్తం విని, చేట పక్కన పెట్టింది.

"ముప్పై నాలుగేళ్ళు ఆ లాకుల మీద పడి చచ్చావు. ఆ రాతి మీద చూశా, ఒక్క రోజు రిబ్బను కత్తిరించినాయన పేరుంది. నీ పేరేదయ్యా? రేపు మనం పోతే మాణిక్యం అనేవాడు ఒకడున్నాడని ఎవరికి తెలుస్తది?"

"తెలియాల్సినాయనకు తెలుసు."

"ఆయనకి తెలిస్తే సరా? ఆయన ఎవరికన్నా చెబుతాడా?"

దీనికి ఇన్నయ్య దగ్గర కూడా జవాబు ఉండదని మాణిక్యానికి తెలుసు. బయటికి వచ్చేశాడు. ఆ గేటు ఆయన ఉద్యోగంలో కాకుండా సొంతంగా చేసిన ఒకే ఒక్క పెద్ద పని. పేరు ఉంటే అది పోయినట్టే. పేరు తీస్తే శౌరమ్మ పోరు. రెండు రోజులు ఇటూ అటూ తిరిగాడు. చివరికి పండుగ ముందురోజు మిట్టమధ్యాహ్నం, ఎండకు ఊరంతా లోపల ఉన్నప్పుడు, స్పానరు సంచిలో వేసుకుని గుడి దగ్గరికి వెళ్ళాడు.

బోల్టులు సులువుగానే వచ్చాయి. రెండు పట్టీలూ సంచిలోకి వెళ్ళాయి. అక్కడితో ఇంటికి వచ్చేసి ఉంటే కథ వేరుగా ఉండేది. కానీ బోల్టులు పోయిన చిల్లులు కనిపించాయి. చిల్లులో నీళ్ళు దిగితే తుప్పు అక్కడే మొదలవుతుంది. సంచిలో గ్రీజు డబ్బా ఎప్పుడూ ఉంటుంది. చిల్లులు పూడ్చాడు. పూడ్చాక మడతబందులు చూశాడు, పొడిగా ఉన్నాయి. వాటికి పెట్టాడు. గడియ లాగి చూశాడు, కిర్రుమంది. కిర్రుమన్న ఇనుమును అలా వదిలేసి వెళ్ళడం ఆయన చేతులకు రాదు. నీళ్ళలో ఆర్నెల్లు మునిగి ఉండే షట్టరుకు ఎంత పట్టిస్తారో అంతా పట్టించాడు, గడియకూ, గడియ పిడికీ, కింద నేలలోకి దిగే చువ్వకూ. గంటసేపు పట్టింది. ఆ గంటా పేరు సంగతీ జీతం సంగతీ గుర్తు లేవనీ, ఎంతో హాయిగా ఉందనీ చెప్పాడు నాతో.

మర్నాడు ఊరేగింపు వచ్చింది. బ్యాండు, కాగితపు జెండాలు, పల్లకీలో జోజప్పగారి స్వరూపం. బిషప్‌గారి పీఠం నుంచి వచ్చిన పెద్ద ఫాదర్‌గారు ఇస్త్రీ చేసిన తెల్ల అంగీలో ముందు నడుస్తున్నారు. గేటు దగ్గర ఊరేగింపు ఆగింది. ఆడవాళ్ళ వరసలో ఉన్న శౌరమ్మ తలెత్తి చూసింది. పట్టీలు ఉండాల్సిన చోట నాలుగు నల్లటి చుక్కలున్నాయి.

పెద్ద ఫాదర్‌గారు రిబ్బను కత్తిరించి, ప్రార్థన చెప్పి, గడియ పట్టుకుని లాగారు. గడియ నీళ్ళలో చేపలా జారింది. చేయి కూడా జారింది. అరచేయి నల్లగా అయింది. జేబురుమాలుతో తుడుచుకుంటే రెండో చేయి కూడా నల్లబడింది. అంగీ సర్దుకుంటే అంగీ మీద అయిదు వేళ్ళూ అచ్చుపడ్డాయి. ఇంతలో తల్లులు ఎప్పటిలాగే పిల్లల్ని ఆశీర్వాదానికి ముందుకు తోశారు. ఆయనా అలవాటు కొద్దీ బొటనవేలితో నుదుటి మీద సిలువ గుర్తు వేసుకుంటూ పోయారు. అయిదారుగురు పిల్లలయ్యాక చూస్తే, ఒక్కొక్కరి నుదుటన ఒక నల్ల సిలువ. నుదుట బూడిద సిలువ వేసే విభూది బుధవారం మే నెలలో వచ్చినట్టయింది.

"ఎవరయ్యా దీనికి గ్రీజు పూసింది?" అన్నారు పెద్ద ఫాదర్‌గారు.

అందరి తలలూ ఒక్కసారే మాణిక్యం వైపు తిరిగాయి. బ్యాండువాళ్ళు సైతం తిరిగారు, వాళ్ళది పొరుగూరు.

సరిగ్గా అప్పుడే ఊరి ఫాదర్‌గారు, ఇచ్చిన మాట తప్పకుండా, మైకులో చదివారు: "ఈ గేటును సమర్పించిన దాత తన పేరు వెల్లడించవద్దని కోరారు."

నవ్వులు గోడ అవతలి దాకా వినిపించాయి. పెద్ద ఫాదర్‌గారు కూడా నవ్వేశారు. "ఆ పేరు తెలియని దాతగారికి చెప్పండి, ఇనుముకి పూసింది చాలు, మనుషులు పట్టుకునే చోటు వదిలెయ్యమని." మాణిక్యం తల వంచుకుని, తనకేమీ సంబంధం లేని మొహం పెట్టాడు. ఇంకా నవ్వారు.

శౌరమ్మ నవ్వలేదు. భోజనాలకు ఆగకుండా ఇంటికి వెళ్ళిపోయింది.

మాణిక్యం వచ్చేసరికి ఆమె అరుగు మీద కూర్చుని ఉంది. ఈయన బిర్యానీ పొట్లం పక్కన పెట్టాడు.

"పోనీలేవే. నేనే ఇచ్చానని ఊరందరికీ తెలిసింది. నువ్వు కోరుకున్నదే అయింది. నష్టపోయింది నేను."

"నీ పేరు ఊరికి తెలిస్తే నాకేం వచ్చింది?"

"అదేంటే! నా పేరు కోసమేగా మొన్న..."

"నీ పేరు ముందు పెడితేగానీ నా పేరు పెట్టనియ్యరని అట్లా అన్నా" అంది శౌరమ్మ. అంతవరకు ఆ మాట తనకు తనే చెప్పుకోలేదేమో, బిర్యానీ పొట్లాన్ని ఇటు నుంచి అటు జరిపింది. "నీది ఊడదీసుకుంటే ఊడదీసుకో. నీకు పైన ఉంది. నాది ఎందుకు తీశావయ్యా? నన్నడిగావా?"

"నీది కూడా పైనే ఉంటదిగా..."

"నా జీతం పైన తీసుకుంటానని నేనెప్పుడు సంతకం పెట్టాను? నువ్వు రోజుకూలీగా ఉన్న పదకొండేళ్ళు నాట్లేసి ఇల్లు నడిపింది ఎవరు? రెండు పూటలా క్యారేజీ గట్టు మీదికి మోసింది ఎవరు? నువ్వు మరలకు పూసిన గ్రీజు, నీ చొక్కాల మీద నుంచి వదిలించింది ఎవరు? చూడు ఈ గోళ్ళు. ముప్పై నాలుగేళ్ళు ఆ షట్టరు నువ్వొక్కడివే తిప్పలేదు, ఇద్దరం తిప్పాం. నా పేరు అచ్చులో చూసుకుంది ఒక్క పెళ్ళి కార్డు మీద. అదీ వరదలో నానిపోయింది."

మాణిక్యం వంగి చూశాడు. ఆమె గోళ్ళ అంచులు నిజంగానే నల్లగా ఉన్నాయి. ఆయన రోజూ చూసే చేతులే.

"అప్పుడనిపించిందండీ" అన్నాడు నాతో, "ఇన్నేళ్ళూ పైన దాచుకుంటున్నా దాచుకుంటున్నా అని మురిసిపోయాను గదా, అదంతా నా ఒక్కడి పేరు మీదే దాస్తున్నా. ఆవిడ కష్టం కూడా నా పేరు మీదే. కింద పేరొద్దనుకున్నవాడికి పైన మాత్రం ఎంత ఆశండీ!"

మర్నాడు పొద్దున, అందరూ పాలకు తిరిగే వేళ, ఈసారి దాక్కోకుండా స్పానరు పట్టుకుని వెళ్ళాడు. శౌరమ్మ అని రాసి ఉన్న పట్టీ తీసి, గేటుకు సరిగ్గా మధ్యలో బిగించాడు. తన పట్టీ సంచిలోనే ఉంచుకున్నాడు. ఇన్నయ్య వచ్చి నిలబడి చూశాడు.

"నీదేది?"

"నాది పైన."

గేటు మీద ఒక్క పేరు కనపడేసరికి ఊరికి పని దొరికింది. గ్రీజు పూసింది మాణిక్యమే గానీ ఇచ్చింది ఆవిడంట అన్నారు. రిటైరుమెంటు సొమ్ములో చిల్లిగవ్వ కదపలేదంట అన్నారు. నాట్లేసిన ఆడమనిషి గేటిస్తే, గవర్నమెంటు ఉద్యోగం చేసినవాడు గ్రీజిచ్చాడంట అన్నారు. కిరాణా కొట్టు దగ్గర ఎవరో మొహం మీదే అడిగేశారు: "ఆవిడ ఇచ్చింది సరే, నువ్వేమిచ్చావు బాబాయ్?"

నేనిచ్చిందే అంటే పేరు వస్తుంది. ఏమీ ఇవ్వలేదంటే అబద్ధం. ఉప్పు పొట్లం తీసుకుని వచ్చేశాడు.

"గుట్టుగా ఇవ్వాలనే అనుకున్నానండీ. పిసినారి పేరొస్తదని మాత్రం ఫాదర్‌గారు ఆ ప్రసంగంలో చెప్పలేదు" అని వాపోయాడు ఇన్నయ్య దగ్గర.

"ఇప్పుడు నీకు నిజంగా దక్కుతుంది మాణిక్యం. మొన్నటిదాకా నువ్వు దాచిందంతా అందరికీ తెలిసిన గుట్టే" అన్నాడు ఇన్నయ్య. ఆ మాట ఆయనకు ఊరటనిచ్చింది గానీ, కిరాణా కొట్టు మాత్రం మార్చేశాడు.

శౌరమ్మకు దక్కింది ఇంకో రకం. జీవితంలో మొదటిసారి ఆమె పేరు చివర గారు చేరింది. గుడిలో కుర్చీ వేశారు. దాంతోపాటు ఏ చందా పుస్తకమైనా ముందు ఆమె గుమ్మంలోకే రావడం మొదలైంది. మిషను కుట్టు నేర్పే కేంద్రానికి, మరియమాత గుహకు, పొరుగూరి గుడివాళ్ళ గంటకు. "శౌరమ్మగారూ, గేటిచ్చిన చెయ్యి, మీరు మొదలుపెడితే మిగతావాళ్ళు ఇస్తారు" అంటారు. ఆమె పుస్తకం తిరగేసి, చివరి పేజీలో చిన్నగా రాసి పంపుతుంది. కుర్చీలో మాత్రం ఒక్క ఆదివారమే కూర్చుంది, వీపు మీద ఎవరిదో పేరు గుచ్చుకుంటుందని మళ్ళీ చాప మీదికి దిగింది. బస్సులో బెజవాడ వెళ్ళేటప్పుడు కిటికీ వైపు సీటు కోసం గొడవపడుతుందని మాణిక్యం చెప్పాడు. గుడి దాటాక ఆ సీటు ఎవరికైనా ఇచ్చేస్తుందట.

మొన్న వాళ్ళింటికి వెళితే కాఫీ కోసం వంటింటి గుమ్మంలో కూర్చోబెట్టారు. పొయ్యి పక్క గోడకు ఇనప పట్టీ ఒకటి బోల్టులతో బిగించి ఉంది. దాని మీద రేకు అక్షరాలు, లస్కరు మాణిక్యం. ఒక్కో అక్షరం వంపుకు ఒక్కో సామాను తగిలించి ఉంది. అప్పడాల కర్ర, పట్టకారు, గరిటెలు, కాఫీ వడగట్టే జాలీ.

"పారేస్తానంటే ఊరుకోలేదండీ. మంచి ఇనుమంట" అన్నాడు మాణిక్యం, నా చూపు పట్టి.

"వంటింట్లో పేరు పెట్టించుకున్న లస్కరు మీరొక్కరే అయ్యుంటారు."

"నేను పెట్టించుకోలేదు, ఆవిడ పెట్టింది" అన్నాడు గబగబా, ఎవరో రాసుకుంటున్నట్టు ఒకసారి ఇంటి కప్పు వైపు చూసి.

శౌరమ్మ పొయ్యి మీద పాలు పొంగకుండా ఊదుతూనే చేయి చాపింది.

"కబుర్లు తర్వాత. ఆ ‘క్యం’ కింద వేలాడుతోంది చూడు, ఆ గరిటె ఇటియ్యి. పాలు పొంగుతున్నాయి."

ఆయన లేచి, తన పేరు చివర నుంచి గరిటె తీసి, ఆమె కొంగుతో తుడవబోయి, ఆ కొంగు ఉతికేది ఆమేనని గుర్తొచ్చి, అలాగే అందించాడు.